మీకొస్తుందా?

కిందటి నెల సంగారెడ్డి దగ్గరి కంది కాలేజీ నుంచి ఇద్దరు పిల్లలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఏదో ప్రాజెక్టు రాస్తున్నారట. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి నా ముందు పెట్టి, ఈ ఆన్‌లైన్ కాలంలో టీవీకి భవిష్యత్తు ఉందా అని అడిగారు. నాకు చాయ్ పొలమారింది. ముప్పై ఏళ్లు కేబుల్ టీవీలో పనిచేశాను కాబట్టి ఏదో తెలిసినవాణ్ని అనుకున్నారు పాపం. తెలియడం మాట అటుంచండి. ఒక ఆదివారం పటాన్‌చెరు నుంచి పాశమైలారం దాకా టీవీలన్నీ ఆపేసి, మళ్లీ వేయడం మరిచిపోయి, ఇంటికెళ్లి కోడికూర తిని పడుకున్నవాణ్ని నేను. ఆ మాట రికార్డింగులో చెప్పడానికి మొహం చెల్లక, నాలుగు పెద్ద పెద్ద మాటలు చెప్పి పంపేశాను. వాళ్లు పోయాక మనసు పీకింది. చదువుకునే పిల్లలకు సొల్లు చెప్పి పంపడం బాగుండదు కదా. అందుకని అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మా కంట్రోల్ రూమ్ పటాన్‌చెరులో ఒక టిఫిన్ హోటల్ మీద, రెండో అంతస్తులో ఉండేది. మిద్దె మీద మా డిష్షులు, డిష్షుల మీద హోటలువాళ్లు ఆరేసిన తువ్వాళ్లు. వాన పడినా సిగ్నల్ పోయేది, తువ్వాళ్లు ఎక్కువైనా పోయేది. ఇళ్ల కప్పుల మీద వైరు లాగే పనిలో చేరినవాణ్ని, చివరికి కంట్రోల్ రూమ్ ఇన్‌చార్జినయ్యాను. అదేదో పెద్ద హోదా అనుకోకండి. గది తాళంచెవి నా జేబులో ఉండేది, అంతే. గదిలో ఏసీ కూడా ఉండేది కానీ అది మిషన్ల కోసం. దాని గాలి మేము దొంగతనంగా పీల్చుకునేవాళ్లం.

మేమంటే ముగ్గురం. నేను, లైన్‌మ్యాన్, ఫోనమ్మ. ఆమె పని కంప్లైంటు ఫోన్ ఎత్తడం కాబట్టి అందరం ఫోనమ్మ అనేవాళ్లం. వాళ్ల నాన్నగారు ఎప్పుడో ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి గోదావరి వైపు నుంచి వచ్చారు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా, ఇంట్లో మాట్లాడే మాటే బయటా మాట్లాడేది. అవతలివాడు మా ఏడు తరాలనూ తిడుతుంటే ఈమె ఎంతో మర్యాదగా "అలాగేనండి, ఐదు నిమిషాల్లో మనిషి వస్తాడండి" అనేది. ఐదు నిమిషాల్లో ఎవడూ వచ్చేవాడు కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అవతలివాడికీ తెలుసు.

ఇరవై ఏళ్లు తిట్లు విని విని ఆమెకొక విద్య అబ్బింది. తిట్టును బట్టి వీధి చెప్పేది. హిందీలో తిడితే పాశమైలారం కంపెనీ రూములు. ఇంగ్లిషులో, కోర్టులో వేస్తామని కలిపి తిడితే కంది వైపు. మా పుట్టుకతో పాటు కరెంటోళ్ల పుట్టుకను కూడా కలిపి తిడితే పటాన్‌చెరు పాత బజారు. అడ్రసు అడగకముందే రిజిస్టర్లో రాసేసుకునేది. లైన్‌మ్యాన్ వెళ్లి చూస్తే అక్కడే తెగి ఉండేది.

అసలు లైన్ ఎక్కడ పోయిందో కనిపెట్టడానికి ఆ రోజుల్లో మా దగ్గర మీటర్లూ గీటర్లూ లేవు. జనమే మీటరు. సీరియల్ మధ్యలో బొమ్మ పోయిందనుకోండి, ఇల్లాలు ముందు టీవీ నెత్తిన ఒకటి వేస్తుంది. అయినా రాకపోతే గోడ దగ్గరికొచ్చి పక్కింటికి కేక పెడుతుంది, "మీకొస్తుందా?" అని. పక్కింటామె తన పక్కింటికి, ఆమె ఆ పక్కింటికి. ఎక్కడో ఒక ఇంట్లో "మాకొస్తుంది" అంటారు. ఆ ఇంటికీ దాని ముందు ఇంటికీ మధ్యన మా వైరు తెగి వేలాడుతుండేది. ఎవరికీ రాకపోతే తప్పు కేబులోడిది, ఫోన్ ఎత్తి తిట్టొచ్చు. అందరికీ వచ్చి మనకొక్కరికే రాకపోతే తప్పు మన పెట్టెది, నోరు మూసుకుని మెకానిక్ దగ్గరికి మోసుకుపోవాలి. ఎవరూ నేర్పకుండానే వాడకట్టులో అందరికీ తెలిసిన పద్ధతి ఇది. ఫోనమ్మ కూడా ఫోన్ ఎత్తగానే మొదట అడిగేది అదే, "మీ పక్కవాళ్లను అడిగారా అండి?" అని.

మా లైన్‌మ్యాన్ తాటిచెట్టంత మనిషి. ఒకసారి క్రికెట్ మ్యాచ్ చివర్లో పాశమైలారంలో లైన్ పోయింది. స్తంభం ఎక్కి రెండు నిమిషాల్లో అతికించాడు. కానీ కిందికి దిగలేదు. కింద ముప్పై నలభై మంది మూగి ఉన్నారు. మనోళ్లు ఓడిపోతే ఆ కోపం ఎవరి మీద తీర్చుకుంటారో అతనికి తెలుసు. మ్యాచ్ అయిపోయేదాకా పైనే ఏదో బిగిస్తున్నట్టు నటించాడు. మనోళ్లు గెలిచారు. అప్పుడు దిగితే భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. ఆ ఊరేగింపు సంగతి ఇప్పటికీ చెప్తాడు, మ్యాచ్ గెలిపించింది తానే అన్నట్టు.

అలాంటి మాకు కాలం తిరగబడింది. మా ఓనరుకు మోకాళ్లు పట్టేసి మెట్లు ఎక్కడం మానేశాడు. ఆయన కూతురు వచ్చి కుర్చీలో కూర్చుంది. చిన్నప్పుడు మా కంట్రోల్ రూమ్‌లోనే నేల మీద బోర్లా పడుకుని హోంవర్క్ చేసుకున్న పిల్ల. నన్ను కాకా అంటుంది. చదువుకుంది, లోకం తెలుసు, రోజూ సంగారెడ్డి నుంచి స్కూటీ మీద ఠంచనుగా వస్తుంది. రాగానే ఇంటర్నెట్ ఫైబర్ లైన్లు వేయడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి కింద ఇంకో గది తీసుకుని, అందులో కుర్రాళ్లను పెట్టింది. జనం నెట్ పెట్టించుకోవడం, ఫోన్‌లో సినిమాలు చూసుకోవడం, మా కేబుల్ డబ్బాను, అదే సెట్‌టాప్ బాక్సును, బట్టల బీరువా మీదకు ఎక్కించడం వరుసగా జరిగిపోయాయి.

ఫోనమ్మ ఫోన్ మోగడం తగ్గింది. గంటకు పది నుంచి రోజుకు పదికి, తర్వాత వారానికి పదికి వచ్చింది. ఆ పదిలో ఆరు, లోన్ కావాలా అని అడిగేవాళ్లవి. ఆమె మాత్రం రోజూ పొద్దున రిసీవర్ తుడిచి, కొత్త తేదీ రాసి, పెన్ను పక్కన పెట్టుకుని కూర్చునేది. నేను దీనికి గొప్ప అర్థం తీశాను. మన లైన్ క్వాలిటీ పెరిగింది, అందుకే కంప్లైంట్లు లేవు అని అందరికీ చెప్పాను. ఎవరూ కాదనలేదు. దాంతో నేనే నమ్మేశాను.

ఒకరోజు ఆ అమ్మాయి మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. కేబుల్ టీవీ ఎవరూ చూడట్లేదు, సిగ్నల్ పూర్తిగా ఆపేద్దామనుకుంటున్నానని మెల్లగా చెప్పింది. నెట్ ఒక్కటే ఉంచుతుంది. లైన్‌మ్యాన్ ఫైబర్ పనిలోకి పోతాడు. ఫోనమ్మకు, నాకు ఆమె దగ్గర ఇవ్వడానికి పని లేదు. నాకు రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉంది. నిజం చెప్తే ఆ ఏడాది గురించి నాకు బెంగ లేదు. ఎవరూ చూడట్లేదు అన్న ఒక్క మాట మాత్రం మింగుడుపడలేదు. ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి, కుక్కలతో కరిపించుకుని, పెళ్లిరోజుల్లో కూడా కంట్రోల్ రూమ్‌లో పడుకుని నేను పంపిన బొమ్మను ఎవరూ చూడట్లేదంటే నేను ఒప్పుకోవాలా?

లేచి నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. టీవీ లేని ఇల్లు ఇల్లేనా అన్నాను. ఫోన్‌లో చూడటం మూలకు నక్కి మిఠాయి తినడం లాంటిదన్నాను. ఆ పిల్ల అంతా విని, కంప్యూటర్ నా వైపు తిప్పింది.

"కాకా, మీ ఇంట్ల డబ్బా ఆరు నెలల సంది రీఛార్జ్ లేక బందున్నది. లిస్టుల వస్తున్నది సూడు."

లైన్‌మ్యాన్ కిటికీలోంచి బయటకు చూశాడు. ఫోనమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అది నిజమే. మా ఆవిడ ఉప్పు డబ్బాకు ఫోన్ ఆనించుకుని, వంట చేస్తూ సీరియళ్లు చూస్తుంది. మా లోకల్ ఛానల్లో కింద పరిగెత్తే ప్రకటనలు సగం బొమ్మను మింగేస్తున్నాయని, పుట్టినరోజు శుభాకాంక్షల్లో ముక్కూ మొహం తెలియని పిల్లల ఫోటోలు చూడలేక చస్తున్నానని, ఒకరోజు డబ్బా పీకి సంచిలో వేసింది. ఆ ప్రకటనలు రాసేది నేనే కాబట్టి నోరెత్తలేకపోయాను. అప్పటినుంచి మా హాల్లో టీవీ మీద నా తువ్వాలు ఆరుతుంది.

పరువు పోయిన మనిషి ఊరుకోడు కదా, డబ్బు కట్టేవాళ్లెవరో లిస్టు చెప్తుంది గానీ చూసేవాళ్లెవరో చెప్పదని పందెం వేశాను. ఆదివారం పొద్దున పది గంటలకు, జనమంతా ఇళ్లలో ఉన్నప్పుడు, సిగ్నల్ ఆపుతాను. మధ్యాహ్నం ఒంటిగంట లోపల యాభై ఫోన్లు రాకపోతే నేనే మెయిన్ స్విచ్ శాశ్వతంగా కట్టేస్తాను అన్నాను. నెట్ లైను వేరే మిషను మీద ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు. ఆ పిల్ల "యాభై వద్దు కాకా, ఇరవై సాలు" అంది. నాకు ఇంకా మండింది. యాభయ్యే అన్నాను. చివరికి నేను మొండికేస్తే, ఆమె బతిమాలి పదికి దించింది. పందెంలో అవతలివాళ్లు మన మీద జాలిపడుతున్నారంటే అక్కడే అర్థం చేసుకోవాలి. నాకు అర్థం కాలేదు.

ఆదివారం పది గంటలకు స్విచ్ ఆపాను. మిషన్ మీద పచ్చ లైట్లు ఆరిపోయాయి. కొల్లూరు సర్కారు డబుల్ బెడ్రూమ్ బ్లాకుల నుంచి పాశమైలారం రూముల దాకా టీవీలన్నీ ఒకేసారి నల్లబడ్డాయి. ఒకప్పుడైతే పది సెకన్లలో ఫోన్ మోగేది. ఫోనమ్మ రిసీవర్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఓనరు కూతురు కింది నుంచి మిర్చి బజ్జీలు తెప్పించింది.

పదిన్నరకు ఫోన్ మోగింది. ఫోనమ్మ ఒక్క ఉదుటున ఎత్తింది. అవతల ఎవరో రెండు ప్లేట్ల ఇడ్లీ పార్శిల్ అడిగారు. కింది హోటలు నంబరుకూ మా నంబరుకూ చివర ఒక్క అంకె తేడా. పదకొండుకు మళ్లీ మోగింది. లోన్. పదకొండున్నరకు మా లైన్‌మ్యాన్ ఇంటి దగ్గర నుంచి చేశాడు. "ఎంతమంది జేసిండ్రన్నా?" అని అడిగాడు. నిన్ను కలిపితే ఒకడు అన్నాను.

ఆ తర్వాత మోగలేదు. ఆ పిల్ల ప్లేటు నా వైపు జరిపి, బజ్జీలు చల్లారిపోతున్నాయి తినమంది. పన్నెండింటికి, ఇంటికి పోదాం కాకా అంది. మీరు పొండి అన్నాను. ఫోనమ్మ కూడా రిజిస్టర్ మూసి, నా వైపు చూడకుండా మెట్లు దిగిపోయింది. నేను ఒక్కణ్నీ ఆ ఫోన్ ముందు ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఎవరైనా తిడితే బాగుండని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను కూడా. ఒంటిగంట కొట్టగానే లేచి, తాళం వేసి, ఇంటికి పోయాను. మా ఆవిడ కోడికూర వండింది. తిని పడుకున్నాను.

స్విచ్ మళ్లీ వేయలేదు. వేయాలన్న సంగతే మనసులో లేదు. ఫోనమ్మ, లైన్‌మ్యాన్, ఓనరు కూతురు ఎవరికివాళ్లు నేను వేసే ఉంటానని అనుకున్నారు. తాళంచెవి నా ప్యాంటు జేబులో, ప్యాంటు కొక్కేనికి. ఆ మధ్యాహ్నం, ఆ సాయంత్రం, ఆ రాత్రంతా ఈ ఇలాకాలో కేబుల్ టీవీ లేదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆటో దిగేసరికి, హోటలాయన నా మీద గయ్యిమన్నాడు. మీ జనం మెట్లన్నీ నింపేశారు, మా గిరాకీకి దారి లేదు అని. చూస్తే నిజంగానే కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా జనం కూర్చుని ఉన్నారు. కొట్టడానికొచ్చారనుకున్నాను. భయమేసింది, దాని వెనకాలే సంతోషం కూడా వేసింది. కానీ ఎవరి చేతిలోనూ కర్రలు లేవు. ప్రతి ఒక్కరి ఒళ్లో ఒక కేబుల్ డబ్బా ఉంది.

పద్నాలుగు మంది. కొల్లూరు బ్లాకుల నుంచి ఒక ముసలాయన, పాత వాచ్‌మ్యాన్, రిమోట్ ఒక చేతిలో, దాని సెల్లులు చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. ఎనిమిది మంది ఉండే రూము తరఫున ఒక బీహార్ కూలీ, డ్యూటీకి పోతూ పోతూ వచ్చాడు. "భయ్యా, డబ్బా మర్ గయా" అని చెప్పి, చనిపోయిన పిట్టను చూపించినట్టు చూపించాడు. అందరికంటే పైమెట్టు మీద పాశమైలారం ఊరామె, డెబ్బై దాటి ఉంటుంది, డబ్బాను తువ్వాలులో చుట్టి పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుంది. షేర్ ఆటోలో ఇరుక్కుని వచ్చిందట.

ఫోనమ్మ అప్పటికే వాళ్ల మధ్యలో ఉంది. తాళం నా దగ్గరుంది కాబట్టి లోపలికి పోలేక మెట్ల మీదే రిజిస్టర్ తెరిచింది. నన్ను చూసి ముసలామె లేవబోయింది.

"బిడ్డా, నిన్న పొద్దుగాల మంచిగనే ఉండె. నేనేం ముట్టలే. జెర సూడు. ఇది ఖరాబైతె ఇగ మళ్ల తేనన్నడు మా కొడుకు."

ఆమె కొడుకు కెమికల్ కంపెనీలో రాత్రి డ్యూటీ. పగలు ఇంట్లో పడుకుంటాడు. అతనికి టీవీ అక్కర్లేదు, ఫోన్ ఉంది. ఎప్పటినుంచో ఈ పెట్టె తీసేద్దామంటున్నాడు. ఆమె బతిమాలి ఉంచుకుంది. కొడుకు నిద్ర చెడకూడదని సౌండ్ పూర్తిగా తీసేసి, ఉత్త బొమ్మ చూస్తుంది. ఇప్పుడు అదీ పోతే రోజంతా గోడ చూస్తూ కూర్చోవాలి. ఆమె భయమంతా అదే.

ఫోనమ్మ అలవాటు కొద్దీ తన పాత ప్రశ్న అడిగింది. "మీ పక్కవాళ్లను అడిగారా అమ్మా?"

"అడుగకేం బిడ్డా. గోడ కాడికి వొయ్యి అడిగిన. మేం టీవీ సూడం పెద్దమ్మా అన్నరు. ఇవతలోళ్లను అడిగిన. వాళ్లు గూడ సూడరు. గప్పుడు నా డబ్బనే ఖరాబైందనుకున్న."

ఫోనమ్మ తర్వాతి మనిషిని అడిగింది. అతని పక్కవాళ్లూ చూడరు. ఆ తర్వాతి మనిషినీ అడిగింది. హిందీలో అడిగింది. అందరిదీ ఒకే జవాబు. ఆమె పెన్ను ఆపి, తలెత్తి నన్ను చూసింది. అప్పుడు దిగింది నా బుర్రలోకి. టీవీ పోతే ఫోన్ చేసి తిట్టాలంటే, ముందు తప్పు కేబులోడిదని తెలియాలి. అది తెలియాలంటే పక్కింట్లో కూడా టీవీ ఉండాలి. పద్నాలుగు వీధుల్లో పద్నాలుగు మంది, ఎవరికివారు తమ డబ్బానే చెడిపోయిందనుకున్నారు. తమ తప్పుకు కేబులోణ్ని ఎలా తిడతారు? అందుకే ఫోన్ చేయలేదు. డబ్బా విప్పి, మోసుకుని, బస్సులూ ఆటోలూ ఎక్కి వచ్చారు. నేనేమో ఫోన్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఓనరు కూతురు స్కూటీ దిగి వచ్చి అప్పటికే కింది మెట్టు మీద నిలబడి అంతా వింటోంది. ఇంకెక్కడికి పోతాను. వాళ్లందరి ముందు నిలబడి చెప్పేశాను.

"మీ డబ్బాలు మంచిగనే ఉన్నయి. నేనే బంద్ జేసిన."

ఎందుకని ముసలామె అడిగింది. ఎవరన్నా చూస్తున్నారో లేదో తెలుసుకుందామని చేశానన్నాను. ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"అడిగితె జెప్పకపోదుమా?"

  మూడువేల రకాల మిషన్లు కనిపెట్టుకున్నాం గానీ, ఇంటికి పోయి తలుపు కొట్టి, అమ్మా నువ్వు చూస్తున్నావా అని అడగాలని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

నేను తలదించుకునేసరికి ముసలామెకు విషయం పూర్తిగా అర్థమైంది. తన తప్పు కాదని, తప్పు కేబులోడిదేనని. ఇక అందుకుంది. నా చేతులు పడిపోవాలని, నా కంపెనీ మీద మన్ను పొయ్యాలని, డబ్బాకు తువ్వాలు చుట్టించి ఆమెను ఆటోలో ఇరికించినందుకు నా పెళ్లిలో వడ్డించినవాళ్లు కూడా పస్తులుండాలని మొదలుపెట్టి, మా వంశాన్ని ఒక పద్ధతి ప్రకారం పైనుంచి కిందిదాకా తిడుతూ వచ్చింది. హోటలాయన గరిటె పట్టుకుని బయటికొచ్చి విన్నాడు. బీహార్ కూలీకి భాష అర్థం కాకపోయినా భక్తిగా తలూపాడు. ఇరవై ఏళ్ల కింద వినే తిట్లు అవి, అచ్చంగా అవే. ఫోనమ్మ కళ్లు తుడుచుకుంటూ రిజిస్టర్లో రాయడం మొదలుపెట్టింది.

"పాశమైలారం ఊర్లోపల, పాత పంచాయతీ ఆఫీసు వెనక సందు కదండీ?" అంది.

ముసలామె తిట్టడం ఆపేసింది. "నీకెట్ల ఎరుక బిడ్డా?"

మెట్ల మీద అందరికంటే ముందు నవ్వింది ఓనరు కూతురు. నేను పైకి పోయి స్విచ్ వేశాను. ఒక్కొక్కరి డబ్బా మా టీవీకి పెట్టి, బొమ్మ చూపించి, చాయ్ తాగించి పంపాం.

ఇక్కడితో కేబుల్ బతికిపోయిందని మీరు అనుకుంటే మీ మంచితనం. పద్నాలుగు మంది కోసం ఆ మిషన్లు నడవవు. సాయంత్రం ఆ పిల్ల అదే చెప్పింది. బంద్ చేయడం తప్పదు, కానీ ఈ పద్నాలుగు మందికి బొమ్మ ఆగనివ్వను, ఏం చేద్దామో నువ్వే చెప్పు కాకా అంది. మూడు నెలలు గడువు పెట్టుకున్నాం. ఆ ఇళ్లకు ఫైబర్ లాగి, టీవీకి కొత్త డబ్బాలు పెట్టడం మొదలుపెట్టాం. లైన్‌మ్యానూ నేనూ ఇల్లిల్లూ తిరిగాం. ఈసారి తలుపు కొట్టి అడిగాం. మెట్ల మీదకు రానివాళ్లు ఇంకొందరు ఉన్నారని అప్పుడే తెలిసింది. మెట్లు ఎక్కలేనివాళ్లు.

ముసలామె మాత్రం కొత్త డబ్బాను రెండుసార్లు వాపసు పంపింది. అది వేయగానే తెర నిండా వరసలు వరసలుగా మొహాలు వస్తాయి, ఏది చూస్తావో ఎంచుకోమంటుంది. హోటల్లో సర్వర్ లాగా ఏం కావాలని తననే అడుగుతోందని ఆమె ఫిర్యాదు. తనకేం ఎరుక, వేసేవాళ్లు వేస్తే తాను చూస్తుందట. కింది గదిలోని కుర్రాళ్లు మొదట నవ్వారు. వాళ్లింట్లో రోజూ ఏం చూడాలో వెతుక్కునేసరికే అన్నం తినడం అయిపోతుందని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు. వారం కూర్చుని, డబ్బా వేయగానే నేరుగా ఒక ఛానల్ మొదలయ్యేలా మార్చారు. మొహాలు లేవు, ప్రశ్నలు లేవు. ఒక్క ఎర్ర బటన్.

కంట్రోల్ రూమ్ మెయిన్ స్విచ్ నేనే ఆపాను, పందెం ప్రకారం. ఆ రోజు కూడా ఫోన్ మోగలేదు. కానీ ఆ ఫోన్ తీసేయలేదు. ఆ డబ్బాల ఇళ్లన్నిటికీ ఆ ఒక్క నంబరు పెద్ద అంకెలతో రాసిచ్చాం. దాన్ని ఎత్తడానికి ఫోనమ్మ ఉంది. ఇంకో ఏడాది ఉన్న నన్ను, వాళ్ల ఇళ్లకు తిరిగే పనిలో ఉంచింది ఆ పిల్ల.

ముసలామె ఇంటికి మూడోసారి మధ్యాహ్నం పూట పోయాను. కొడుకు లోపలి గదిలో నిద్రపోతున్నాడు. శబ్దం కాకుండా డబ్బా బిగించి, ఎర్ర బటన్ ఆమెతోనే నొక్కించాను. బొమ్మ వచ్చింది. ఆమె దాన్ని చూడలేదు. లేచి గోడ దగ్గరికి పోయి, కొడుకు లేవకుండా గొంతు తగ్గించి, పక్కింటి కోడలిని పిలిచింది.

"మాకొచ్చింది. మీకొస్తుందా?"

మేం టీవీ చూడం పెద్దమ్మా అని ఆ కోడలు ఫోన్‌లోంచి తలెత్తి చెప్పింది. మూడు నెలల కిందట చెప్పిన మాటే. ముసలామె, పాపం అన్నట్టు చప్పరించింది. కొత్త బండీ, ఫ్రిజ్జూ, చేతిలో అంత పెద్ద ఫోనూ ఉన్న ఇల్లు అది. తిరిగొచ్చి చాప మీద కూర్చుంటూ నన్ను అడిగింది.

"మరి నీకొస్తుందా బిడ్డా?"

ముప్పై ఏళ్లు ఐదు నిమిషాల్లో మనిషి వస్తాడని జనానికి చెప్పించిన సంస్థ మాది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మా హాల్లో టీవీ మీద ఆరుతున్న తువ్వాలు గుర్తొచ్చింది.

"నాకు గూడ వస్తలేదు పెద్దమ్మా" అన్నాను.

"అందరికి పెడ్తవు, నీకే లేదా" అని ఆమె జరిగి చోటిచ్చింది. "కూసో మరి."

స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని చాప మీద కూర్చున్నాను. తెర మీద ఎవరో కోడలు ఎవరో అత్తను ఏదో అంటోంది, సౌండ్ లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి మనసులో ఏముందో ముసలామె నా చెవిలో గుసగుసగా చెప్పుకొచ్చింది. మధ్యలో ప్రకటనలు వచ్చినా ఇద్దరం లేవలేదు.